మా మెట్టు రాయికి సముద్రం అడుగున ఒక చుట్టం

అడవివరంలో మా పాత ఇల్లు పడగొట్టిన రోజున మేస్త్రీకి ఒక్కటే మాట చెప్పాను. వీధి గుమ్మం ముందున్న మెట్టు రాయి నాకు కావాలి, పలుగు దెబ్బ తగలకుండా తీయండి అని. దూలాలు, తలుపులు, పెంకులు ఎవరెవరో బేరమాడి పట్టుకుపోయారు. ఆ రాయి కోసం మాత్రం ఎవరూ రాలేదు. నలుగురు మనుషులు పట్టి ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. ఇప్పుడది మధురవాడలో మేముంటున్న అపార్ట్‌మెంట్ కింద, మెట్ల పక్క గోడకి ఆనించి ఉంది.

మా అమ్మ ఆ మెట్టును నలభై ఏళ్లకు పైగా రోజూ కడిగి ముగ్గు పెట్టింది. చిన్నప్పుడు దాని మీద వట్టికాళ్లతో నిలబడితే అరికాలికి బొడిపెలు తగిలేవి. చుట్టూ రాయి అరిగి నున్నబడినా అవి మాత్రం అరగలేదు. పెసరగింజంత నుంచి శనగగింజంత దాకా ఉంటాయి. ముదురెరుపు, నీడలో చూస్తే నలుపు. ఎండాకాలం సాయంత్రం బకెట్టు నీళ్లు కొట్టాక వంగి చూస్తే, దానిమ్మ గింజలు రాతిలో ఇరుక్కుపోయినట్టు కనబడేవి. అమ్మ వాటిని రాయికి లేచిన పొక్కులు అనేది. అవి గార్నెట్లని నాకు ఎమ్మెస్సీలో చేరాక తెలిసింది. నవరత్నాల్లో మనం గోమేధికం అనేది కూడా గార్నెట్ కుటుంబంలోదే.

ఆ రాయి ఖోండలైట్. కలహండి ప్రాంతపు ఖోండుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. సింహాచలం కొండ అదే, కైలాసగిరి అదే, బెజవాడ ఇంద్రకీలాద్రి అదే. కోణార్క్ గుడి కట్టిందీ దాంతోనే. ఒకప్పుడు ఏదో సముద్రం అడుగున చేరిన బురద భూమి లోతుల్లోకి దిగిపోయి, అక్కడి వేడికీ ఒత్తిడికీ ఉడికి ఇలా మారింది. ఆ ఉడుకు జరిగి సుమారు 100 కోట్ల ఏళ్లు. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, సూదుల్లాంటి సిలిమనైట్, గార్నెట్, అక్కడక్కడ గ్రాఫైట్ మెరుపు. తూర్పు కనుమల్లో దీని పక్కనే గార్నెట్-బయోటైట్ నైస్ అనే ఇంకో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. అందులోనూ ఇవే ఎర్రగింజలు, వాటి చుట్టూ నల్ల అభ్రకపు పొరలు. ఈ రెండో రాయి పేరు గుర్తుంచుకోండి. ఎందుకంటే దీని గులకరాళ్లు హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, అంటార్కిటికా దారిలో, నీళ్ల కింద లావా పొరల మధ్య దొరికాయి.

దొరికినచోటు పేరు ఎలాన్ బ్యాంక్. కెర్గ్యూలెన్ పీఠభూమి అని సముద్రంలో మునిగిన ఒక పెద్ద మెట్ట ఉంది, దాని నుంచి పడమటికి పొడుచుకొచ్చిన భాగం ఇది. 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం కూడా దాటాక వస్తుంది. విశాఖ నుంచి లెక్కేస్తే 8 వేల కిలోమీటర్ల పైమాటే. కెర్గ్యూలెన్ పీఠభూమి, దాని నుంచి తర్వాత విడిపోయిన బ్రోకెన్ రిడ్జ్ కలిపితే 20 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. దాదాపు అంతా లావా కక్కగా పేరుకున్న బసాల్ట్. కెర్గ్యూలెన్, హెర్డ్ లాంటి కొద్ది దీవులు మాత్రమే నీళ్ల పైకి తల ఎత్తి ఉంటాయి.

1998 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుంచి జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక అక్కడికి బయల్దేరింది. ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్‌లో అది 183వ యాత్ర. మిల్లర్డ్ కాఫిన్, ఫ్రెడరిక్ ఫ్రే దానికి సారథులు. 1999 ఫిబ్రవరి దాకా సాగిన ఆ యాత్రలో ఎలాన్ బ్యాంక్ మీద తవ్విన చోటు నంబరు 1137.

ఆ చలికాలం నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఒక రిగ్గు మీద మడ్ లాగర్‌గా పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నాను. తవ్వకపు బురదని జల్లించే షేల్ షేకర్ దగ్గర జల్లెడ పట్టుకుని నిలబడి, బురదతో పాటు పైకొచ్చే రాతి ముక్కలు, అంటే కటింగ్స్, పట్టి, కడిగి, ట్రేలో వేసి మైక్రోస్కోపు కింద చూసి రాయడం నా పని. తవ్వే మొన, అంటే బిట్, కొరికిన ముక్క పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, ఏ లోతు ముక్కకి ఆ లోతు సంచి కట్టాలి. వేలి గోరులో సగం కూడా ఉండని ముక్కల్ని చూసి కింద ఏముందో చెప్పాలి. అందుకే కోర్ తీస్తున్నారంటే రిగ్గు మీద మాకది పండగ. గొట్టం ఆకారంలో, చెక్కు చెదరకుండా, మీటర్ల పొడవున అసలు రాయి పైకి వస్తుంది. చేత్తో తడమొచ్చు.

ఒకసారి అలా వచ్చిన కోర్‌ని పెట్టెల్లో సర్ది లారీకి ఎక్కిస్తుండగా తాడు జారి మూడు పెట్టెలు బోర్లా పడ్డాయి. కోర్ పైకి రాగానే దాని పొడవునా ఎరుపు, నలుపు గీతలు పక్కపక్కన గీస్తారు. ఎర్రగీత కుడివైపు ఉండేలా పట్టుకుంటే పైభాగం పైకి ఉన్నట్టు. ఆ రోజు హడావుడిలో ఆ గీతలు గీయలేదు. నేలంతా ముక్కలు. ఏది పైది, ఏది కిందిది, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. విరిగిన అంచులు కలిపి చూసుకుంటూ రాత్రంతా కూర్చున్నాం, సగం కూడా కుదరలేదు. లక్షలు పోసి తీసిన రాయి మా కళ్ల ముందే వరస తప్పి మూగదైపోయింది. రాయి విలువ దాని వరసలో ఉందని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఆ రాత్రి నేర్చుకున్నాను.

అందుకే ఓడ మీద కోర్ని చూసుకునే తీరు చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. 9.5 మీటర్ల గొట్టం పైకి రాగానే "కోర్ ఆన్ డెక్" అని కేక వేస్తారు. దాన్ని 1.5 మీటర్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనీ నిలువునా రెండు చీలికలు చేస్తారు. ఒక సగం పరిశోధకులు కోసుకుని వాడుకునేది, రెండో సగం దాచి ఉంచేది. దాచిన సగం జోలికి పోకూడదు. ప్రతి ముక్కకీ యాత్ర నంబరు, చోటు నంబరు, కోర్ నంబరు, పై నుంచి ఎన్ని సెంటీమీటర్లో అన్నీ రాసి ఉంటాయి. ఇదంతా లంగరు వేయకుండా, ప్రొపెల్లర్లతో ఒకేచోట నిలబెట్టిన ఓడ మీద, దక్షిణ సముద్రపు గాలుల్లో చేసే పని. కోనసీమ గట్టినేల మీద మేం చేయలేకపోయింది అది.

1137 దగ్గర నీటి లోతు వెయ్యి మీటర్లు. సముద్రం అడుగు నుంచి 219 మీటర్ల దాకా మెత్తటి అవక్షేపం, చాలావరకు కంటికి ఆనని సముద్రజీవుల గుల్లల బురద. ఆ కింద రాయి తగిలింది. రాతిలోకి ఇంకో 150 మీటర్లు దిగారు. లావా పొర, దాని కింద మరో లావా పొర, మధ్యలో అగ్నిపర్వతపు ఇసుక. అంతవరకు అందరూ అనుకున్నదే. ఆ లావా పొరల మధ్యనే కాంగ్లోమరేట్ వచ్చింది. గులకరాళ్లు, ఇసుక కలిసి గట్టిపడిన రాయిని అలా అంటాం. ఆ గులకల్లో కొన్ని ట్రాకైట్, రయొలైట్, అంటే అవీ అగ్నిపర్వతపువే. కొన్ని మాత్రం గార్నెట్-బయోటైట్ నైస్.

సముద్రం మధ్యలో లావాతో పుట్టిన మెట్ట మీద నైస్ ఉండటానికి వీల్లేదు. అది ఖండాల రాయి. ఇరవై ముప్పై కిలోమీటర్ల లోతున ఉడికి, ఆపైన కొండలు అరిగాక బయటపడేది. అది ఎలాన్ బ్యాంక్ మీద ఉందంటే, ఆ బసాల్ట్ కింద ఒక ఖండపు ముక్క ఉన్నట్టే.

ఈ సంగతి నేను మొదటిసారి చదివింది చాలా ఆలస్యంగా. రిగ్గుల పని మానేసి డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పడం మొదలుపెట్టాక, ఒక ఆదివారం ఆ కోర్ ఫొటోలు తెరిచి కూర్చున్నాను. అమ్మ కాఫీ తెచ్చి వెనక నిలబడింది.

"ఏటిరా, పొద్దున్నించీ ఆ రాయి బొమ్మే సూస్తన్నావు?"

"మన మెట్టు రాయికి చుట్టం లాంటిది, సముద్రం అడుగున దొరికిందమ్మా. దక్షిణాన, మంచు సముద్రం దగ్గర."

"మన రాయి అక్కడికెందుకెల్తాది? ఏ ఓడవాళ్లో పారేసుంటారు."

అమ్మ అడిగినది పక్కా శాస్త్రీయమైన ప్రశ్న. ఆ సముద్రంలో రాళ్లు నిజంగానే పైనుంచి పడుతుంటాయి. అంటార్కిటికా హిమానీనదాలు కింద నేలని గీరి రాళ్లను తమలో ఇరికించుకుంటాయి. ఆ మంచు విరిగి మంచుకొండలై తేలుతూ ఉత్తరాదికి వచ్చి కరిగినప్పుడు రాళ్లు అడుగున పడిపోతాయి. సముద్రం అడుగు నుంచి ఒక రాయి ఏరుకొచ్చి ఇది ఇక్కడి నేలదే అంటే ఎవరూ ఒప్పుకోరు.

అమ్మకి ఇలా చెప్పాను. పైన పడిన రాయైతే బురద పైన ఉండాలి, లేదా బురదలో ఉండాలి. ఇది 219 మీటర్ల బురద కింద, గట్టి లావా పొరల నడుమ ఉంది. పైనున్న లావా ప్రవహించేసరికే ఈ గులకలు అక్కడ పరుచుకుని ఉన్నాయి. ఆ లావా వయసు ఆర్గాన్ పద్ధతిలో చూస్తే దాదాపు 10.8 కోట్ల ఏళ్లు. పైగా గులకలు గుండ్రంగా ఉన్నాయి, పోగుపడిన తీరు ఏటి అడుగున పోగుపడినట్టుంది. అంటే అప్పుడక్కడ నేల ఉంది, ఆ నేల మీద నైస్ కొండ ఉంది, కొండ నుంచి రాయి దొర్లించుకుంటూ పారిన ఏరు ఉంది. అగ్నిపర్వతాలు ఆ ఏటిని లావాతో కప్పేశాయి. తర్వాత మొత్తం మెల్లగా కుంగి సముద్రంలో మునిగింది.

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ ఊరేది లేదా?" అంది. ఊళ్లుండే కాలం కాదమ్మా, రాక్షసబల్లుల కాలం అన్నాను. చెట్లు మాత్రం ఉండేవి. అదే యాత్రలో మధ్య కెర్గ్యూలెన్ మీద, 1138 దగ్గర, సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి మట్టిలో చెక్క ముక్కలు, విత్తనం, పుప్పొడి, సిద్ధబీజాలు కూడా దొరికాయి.

అక్కడ ఖండపు ముక్క ఉండొచ్చన్న అనుమానం గులకరాయికి పదేళ్ల ముందు నుంచే ఉంది. ఆ అనుమానం పుట్టించింది బసాల్టే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాస్తే కిలుం దిగి రుచి మారుతుంది. చారు చూసి గిన్నె సంగతి చెప్పొచ్చు. బసాల్ట్ భూమి పైపెంకు కింద ఉండే మాంటిల్ నుంచి పైకొస్తూ దారిలో ఖండపు రాయిని తాకితే దాన్ని కొంత కరిగించుకుంటుంది. ఖండపు రాతిలో రుబీడియం ఎక్కువ. అది కోట్ల ఏళ్లలో క్షయమవుతూ స్ట్రాన్షియం 87గా మారుతుంది. అందుకే పాత ఖండం కలిసిన బసాల్ట్‌లో ఆ స్ట్రాన్షియం పాలు మామూలు సముద్రపు బసాల్ట్‌లో కన్నా ఎక్కువ. 1987-88లో ఇదే నౌక 119వ యాత్రలో దక్షిణ కెర్గ్యూలెన్ మీద, 738 దగ్గర తీసిన బసాల్ట్ సరిగ్గా అలా ఉంది. కాకపోతే మాంటిల్‌లోనే పాత ఖండపు అవశేషం కలిసి ఉండొచ్చు కదా అని వాదించడానికి చోటు మిగిలింది. చేతికి తగిలే గులకరాయి వచ్చాక ఎలాన్ బ్యాంక్ విషయంలో ఆ వాదనకి చోటు లేకుండా పోయింది. నన్నడిగితే ఆ యాత్ర మొత్తానికి ఆ గులకరాళ్లే పెద్ద పంట.

మరి అది మన రాయేనని ఎలా చెప్పారు? గులకల్లోంచీ, వాటి మధ్య ఇసుకలోంచీ జిర్కాన్, మోనజైట్ గింజలు ఏరి వయసు కట్టారు. జిర్కాన్ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి ఇవాళ అందులో ఉన్న సీసం యురేనియం క్షయమై వచ్చిందే. రెండింటి పాళ్లు కొలిస్తే వయసు తెలుస్తుంది. 2001లో అచ్చయిన ఆ ఫలితాల్లో వయసులు 53.4 కోట్ల నుంచి 254.7 కోట్ల ఏళ్ల దాకా ఉన్నాయి. బసాల్ట్ వయసు 10.8 కోట్లే. ఇల్లు కొత్తది, పునాది రాయి పాతది అన్నట్టు. ఆ వయసుల తీరు తూర్పు కనుమలకీ, వాటి కొనసాగింపుగా అంటార్కిటికాలో ఉన్న ప్రాంతానికీ సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచకూడదు. అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ అని ఉన్న రాళ్లూ, మన తూర్పు కనుమలూ ఒకప్పుడు ఒకటే పర్వత పట్టీ. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న గోండ్వానా విడిపోయినప్పుడు సగం ఇటు వచ్చింది, సగం అటు ఉండిపోయింది. కాబట్టి రాయిని మాత్రమే చూసి ఇది ఇండియా వైపుదా, అంటార్కిటికా వైపుదా అని తేల్చలేం. దాన్ని తేల్చడానికి సముద్రం అడుగున ఉన్న అయస్కాంత చారలు పనికొచ్చాయి. ఎలాన్ బ్యాంక్‌కి దక్షిణాన, దానికీ అంటార్కిటికాకీ మధ్య ఎండర్బీ బేసిన్ అనే లోతైన సముద్రపు పల్లం ఉంది. అక్కడ సముద్రపు అడుగు విస్తరించిన గుర్తులున్నాయి. అంటే సముద్రం మొదట తెరుచుకున్నది ఎలాన్ బ్యాంక్‌కి దక్షిణాన. అప్పటికి ఎలాన్ బ్యాంక్ మనతోనే, ఇండియాకి అంటుకునే ఉంది.

చీర చింపేటప్పుడు చూసి ఉంటారు. చిరుగు ఒక పోగు వెంట సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి పక్క పోగుకి మళ్లుతుంది. మధ్యలో సన్నటి పీలిక మిగిలి అవతలి ముక్కకి వేలాడుతుంది. ఇండియా, అంటార్కిటికా 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోవడం మొదలైంది. విడిపోయే గీత వెంట కొత్త లావా వచ్చి సముద్రపు అడుగు పుడుతూ ఉంది. దాదాపు 12 కోట్ల ఏళ్ల క్రితం, కాస్త అటూ ఇటూగా, ఆ గీత ఉత్తరానికి గెంతింది. అంతవరకు ఇండియాకి అంటుకుని ఉన్న ముక్కకి మన వైపున కొత్తగా చీలిక పడింది. ముక్క తెగి అంటార్కిటికా పలకలో, అంటే ఆ ఖండాన్ని మోసే భూమి పైపెంకు ముక్కలో, కలిసిపోయింది. మనం ఉత్తరానికి పరుగు తీశాం, అది అక్కడే ఉండిపోయింది. తెగకముందు దాని చోటు మన తూర్పు తీరం ఎదుట, కృష్ణా-గోదావరి, మహానది మధ్య ఎక్కడో అని చాలా పటాలు చూపిస్తాయి. కచ్చితంగా ఎక్కడన్న దాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఆ గీత ఎందుకు గెంతింది? కెర్గ్యూలెన్ కింద మాంటిల్ లోతుల్లోంచి లేచిన వేడి రాతి స్తంభం, ప్లూమ్, అక్కడి పలకని మెత్తబరిచింది, మెత్తబడినచోటికి చీలిక మళ్లింది అంటారు. కాలాలు చూస్తే నాకూ అదే సబబనిపిస్తుంది. దక్షిణ కెర్గ్యూలెన్ బసాల్ట్ వయసు 11.9 కోట్ల దగ్గర మొదలవుతుంది. జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండల లావా 11.8 కోట్లు, దాన్నీ ఈ ప్లూమ్ ఖాతాలోనే వేస్తారు. ఖండాలు విడిపోవడం మొదలైందేమో అంతకు కోటి ఏళ్ల పైచిలుకు ముందు. ప్లూమే గోండ్వానాని బద్దలు కొట్టిందని పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో రాసేస్తారు. నేను పిల్లలకి అలా చెప్పను. తూర్పు తీరంలో చీలిక ముందు, ఆ పెద్ద లావా తర్వాత. ప్లూమ్ చేసిందల్లా చీలిక దారి మళ్లించడం అని నా ఉద్దేశం.

ఆ తర్వాత ఇండియా పలక ప్లూమ్ మీదుగా ఉత్తరానికి జరుగుతుంటే, వెనక లావా గుట్టలు వరసగా మిగిలాయి. అదే నైంటీఈస్ట్ రిడ్జ్. బంగాళాఖాతం నుంచి దక్షిణానికి దాదాపు 5 వేల కిలోమీటర్లు, తూర్పు రేఖాంశం 90 డిగ్రీల వెంట గీత గీసినట్టుంటుంది. ఉత్తరానికి వెళ్లే కొద్దీ రాయి వయసు పెరుగుతుంది. 1972లో గ్లోమర్ చాలెంజర్ అనే నౌక అక్కడ తవ్వితే 214వ నంబరు చోట లిగ్నైట్, అంటే పూర్తిగా ముదరని బొగ్గు, వచ్చింది. నడిసముద్రంలో లిగ్నైట్. ఒకప్పుడు అదీ చెట్లున్న దీవే.

మన గోదావరి మనుషులు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. కాతేరులో, పంగిడిలో, గౌరీపట్నంలో కంకర క్వారీల్లో నల్లరాయి ఉంది కదా, అది కూడా అప్పటిదేనా అని. చదువుకునే రోజుల్లో నేనూ అదే అనుకున్నాను. తీరంలో ఉంది కాబట్టి అంటార్కిటికా విడిపోయినప్పటిదే అయ్యుంటుందని పరీక్షలో రాశాను కూడా. మాస్టారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. రాజమండ్రి బసాల్ట్ వయసు 6.6 కోట్లు. అది దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరం లోయల వెంట పారి ఇక్కడికి చేరిందని, ప్రపంచంలోని అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటని పరిశోధకులు రాశారు. లావా పొరల మధ్య నత్తగుల్లల సున్నపురాయి కూడా ఉంటుంది. ఇదే బసాల్ట్ కోనసీమ కింద చాలా లోతున ఉంది, రాజోలు పేరుతోనే దాన్ని పిలుస్తారు. మా రిగ్గు మీద బిట్ దాన్ని తాకగానే వేగం పడిపోయేది. షేకర్ మీదికి బూడిదరంగు మెత్తటి ముక్కలకు బదులు నల్లటి పెళుసు ముక్కలు వచ్చేవి, కొన్నిటి మీద ఆకుపచ్చ మరక. దక్కన్ లావా కాలం పడమట ఇండియా, సీషెల్స్ విడిపోవడానికి దగ్గర. ఆ కథకి సంబంధించిన రాయి కోసం 2015లో జాయిడెస్ రిజల్యూషనే అరేబియా సముద్రంలో లక్ష్మీ బేసిన్‌లో తవ్వింది. వెయ్యి మీటర్లకు పైగా అవక్షేపం కిందికి దిగి బసాల్ట్‌ని అందుకుంది. ఆ యాత్ర సారథుల్లో మన దేశపు ధనంజయ్ పాండే ఒకరు. దాని గురించి విడిగా రాయాలి, ఇందులో ఇరికించను.

జాయిడెస్ రిజల్యూషన్ ఇప్పుడు పనిలో లేదు. 1978లో చమురు తవ్వకాలకి కట్టిన ఓడ, 1985 నుంచి శాస్త్రానికి పనిచేసింది. 2024 ఆగస్టులో చివరి యాత్ర ముగించింది. ఆ వార్త చదివిన రోజు క్లాసులో పాఠం ఆపేసి పిల్లలకి దాని కథంతా చెప్పాను. అది తవ్వినన్ని చోట్ల, అన్ని లోతుల్లో తవ్వగల ఓడ మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న బెంగ నాకు నిజంగా ఉంది. కోర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. హిందూ మహాసముద్రపు కోర్లు, కెర్గ్యూలెన్ పీఠభూమివి అన్నీ, జపాన్‌లోని కోచి ప్రాంతంలో దాచారు. అమ్మకి ఆ మాట చెబితే, "కొచ్చినా? కేరళలోనా? అయితే ఎల్లి సూసి రారాదా" అంది. ఆ కొచ్చి కాదమ్మా, జపాన్లో ఇంకో కోచి ఉంది అన్నాను. "ఏదైతేనేం, సూసి రా" అంది. వెళ్లాలనే ఉంది. గాజుపెట్టెలో పెట్టిన వజ్రాలు చూడాలని ఎప్పుడూ అనిపించలేదు గానీ, అరల్లో వరసగా పేర్చిన ఆ కోర్లలో 1137 అని రాసిన సగం గొట్టం ముందు ఒక్క పది నిమిషాలు నిలబడాలని ఉంది.

అంతదాకా మాకు భీమిలి ఉంది. గోస్తనీ నది బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానాకాలం తర్వాత ఆ ఒడ్డున ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు తేలతాయి. అల తేలిక ఇసుకని లాక్కుపోతే బరువైన గింజలు మిగులుతాయి. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లాను. దోసిట్లో ఇసుక తీసుకుని, పళ్లెంలో నీళ్లతో ఊపుతూ కడిగాం, నూకల్లో రాళ్లు తీసినట్టు. మిగిలినదాన్ని తెల్లకాగితం మీద ఆరబెట్టి లెన్స్ కింద పెట్టాం. నల్లవి ఇల్మెనైట్. ఎర్రవి గార్నెట్, కొన్నిటికి అంచులు ఇంకా అరగలేదు. రంగులేని సూదిముక్కలు సిలిమనైట్. వెతగ్గా వెతగ్గా మెరిసే చిన్న గింజలు, జిర్కాన్. తేనెరంగు గుండ్రటివి మోనజైట్. ఎలాన్ బ్యాంక్ ఏరు చేసిన పని గోస్తనీ ఇప్పటికీ చేస్తూనే ఉంది. అదే రాయి, అలాంటి కొండ.

ఒక అమ్మాయి గార్నెట్ గింజని సూదిమొనతో పక్కకి జరిపి, "సార్, ఇది రేపు సముద్రంలోకి పోయాక దీని మీద లావా పారితే ఎవరైనా తవ్వి చూస్తారా?" అని అడిగింది. తవ్వేవాళ్లుంటే చూస్తారమ్మా అన్నాను. గింజల్ని రకానికో సీసాలో వేసి చీటీలు అంటించాం, తేదీ, చోటు, ఒడ్డు నుంచి ఎన్ని అడుగులో కూడా రాశాం. జిర్కాన్ సీసాలో తొమ్మిదే గింజలున్నాయి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.